నడికట్టు వరసలో పరాయివాడు

తెల్లవారి కోటవాకిలి తలుపులు తీసేసరికి చంద్రవంక రాజ్యపు వేగులవాడు ఒకడు గుమ్మానికి అడ్డంగా పడి ఉన్నాడు. ఒంటి మీద గాయం లేదు కాని పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. కావలివాళ్లు లేవనెత్తి నోట్లో నీళ్లు పోస్తే ఒక్కసారి కళ్లు తెరిచి, "ఒజ్జతో చెప్పండి. ఆయన పదకొండుమందిలో ఒకడు ఆయనవాడు కాడు," అన్నాడు. ఆ ఒకడి పేరు చెప్పబోతూ ప్రాణం విడిచాడు. చావబోయేవాళ్లు పేరు ముందు చెప్పి మిగతాది తర్వాత చెబితే లోకంలో సగం చిక్కులు ఉండవు. కాని విషం తాగినవాడికి ఆ తెలివి ఎక్కడినుంచి వస్తుంది, పాపం.

ఒజ్జ అంటే రేచన, చంద్రవంకలో చెండాట నేర్పే గురువు. చేత్తో తాకకుండా కాళ్లతోనే తోలుచెండును తన్నుకుంటూ పోయి ఎదుటివాళ్ల తోరణం కిందుగా దాటించే ఆట అది. వినడానికి పిల్లలాటలాగే ఉంటుంది. కాని తాతల కాలంలో చంద్రవంకా, కొండల అవతలి కరాళదుర్గమూ యుద్ధాలు మాని, వాటికి బదులుగా పెట్టుకున్న ఆట కాబట్టి ఇందులో ఓడినవాళ్లు ఇంటికి పోరు. తమవాళ్లు మళ్లీ గెలిచేదాకా ఎదుటి రాజు గనుల్లో రాళ్లు కొట్టుకుంటూ పడి ఉంటారు. కిందటి ఆటలో చంద్రవంక ఓడిపోయింది. గనికి పోయినవాళ్లలో రేచన ఒక్కగానొక్క కొడుకు సిద్ధన ఉన్నాడు. ఇవాళ మధ్యాహ్నం మళ్లీ ఆట. గెలిస్తే సిద్ధన ఇంటికి వస్తాడు, ఓడితే ఈ పదకొండుమందీ అతని పక్కకే పోతారు.

వేగులవాడి మాట చెవిన పడగానే రేచన మనసు ఒక్కడి మీదికే పోయింది. రేచన మనసేమిటి, శిక్షణశాలలో అందరి మనసులూ అతని మీదికే పోయాయి. వాడి పేరు గుండయ.

గుండయ పడవ నడుపుకునేవాడినని చెప్పుకుంటూ కొన్ని వారాల కింద ఏరు దాటి వచ్చాడు. ఊరు అడిగితే ఎగువన అంటాడు. అమ్మానాన్నల సంగతి అడిగితే నవ్వి ఊరుకుంటాడు. ఆట మాత్రం చూసినవాళ్లు చెప్పుకుని చెప్పుకుని అలిసిపోయేలా ఆడతాడు. చెండు వాడి కాలికి తగిలిందంటే ఇక వదిలి రానని మారాం చేసినట్టే ఉంటుంది. ఇంత ఆట ఉన్నవాడిని నెత్తిన పెట్టుకోవాల్సింది పోయి రేచన దూరంగా ఉంచడానికి కారణం నడికట్టు.

ఆ శిక్షణశాలలో పొద్దున్నే ఆటగాళ్లంతా వలయంగా నిలబడతారు. ప్రతివాడూ తన ముందున్నవాడి నడుముకు పసుపుగుడ్డ బిగించి కడతాడు. తన కట్టు తాను కట్టుకోవడం లేదు. ఎవడు కట్టాడో వాడే విప్పాలి. వాడు విప్పనంటే రాజు చెప్పినా విప్పించరాదు. దీన్ని నడికట్టు వరస అంటారు. కరాళదుర్గం వాళ్లు కూడా ఈ నియమం మీద ప్రమాణం చేసినవాళ్లే. నడుము పక్కవాడి చేతికి ఇవ్వలేనివాడు ఆటలో చెండు మాత్రం ఇస్తాడా అని రేచన వాదన. గుండయ తన నడుమును ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఎండలో వానలో లావాటి పంచె మడతలు వేసి చుట్టుకుని, వరస మొదలవగానే పక్కకు పోయి నిలబడేవాడు. దళనాయకుడు మాచన ఎన్నిసార్లు పిలిచినా, ఒకసారి వెనక నుంచి వచ్చి కట్టబోయినా, పామును తొక్కినవాడిలా ఎగిరి దూకాడే తప్ప లొంగలేదు.

"ఇంకా చూస్తారేం? వాడిని కట్టేయండి," అన్నాడు రేచన.

అడ్డుపడింది కామసాని. ఆమె రేచన తర్వాతి గురువు, ఆటగాళ్లకు పరుగు నేర్పేది. మనిషి సన్నం, నోరు పెద్దది, భయం అనేది పుట్టుకలోనే మరిచిపోయింది. గుండయను దళంలోకి తీసుకోమని పట్టుబట్టింది ఆమే. అప్పటినుంచి వాళ్లిద్దరికీ రోజూ ఇదే గొడవ. మనసు కలిసిన పదకొండుమంది ఉంటే చాలు, ఆట దానంతట అదే వస్తుందని రేచన అనేవాడు. మనసు కలిసిన పదకొండుమందే కిందటిసారి కలిసికట్టుగా గనికి పోయారని కామసాని గుర్తుచేసేది. ఆ మాట అన్నరోజు రేచన అన్నం తినలేదు. ఆమె కూడా తినలేదు కాని ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ మాత్రం ఆమె గొంతు తగ్గించింది. "అన్నా, కట్టు కట్టడం నేర్చుకోవడానికి ఒక పూట చాలు. గుండయ కాలు తిప్పినట్టు తిప్పడం ఎవడికైనా ఒక పూటలో వస్తుందా? దొంగగా వచ్చేవాడు ఏది తేలికో అది నేర్చుకుని వస్తాడు."

"ఆ తిప్పు గురించే నేనూ చెప్పేది," అన్నాడు రేచన. "కుడికి పోతున్నట్టు ఒళ్లు వంచి, మడమతో చెండును ఎడమకు లాగడం. అది నా సిద్ధన కనిపెట్టింది. వాడు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరూ వెయ్యలేదు. వాడేమో గనిలో ఉన్నాడు. మరి వీడికి ఎలా వచ్చిందమ్మా? నా బిడ్డను కొట్టి చెప్పించి, వీడికి నేర్పించి, నా మీదికే తోలారు."

ఆ తిప్పు నీకెవరు నేర్పారని రేచన గుండయను నిలదీస్తే వాడు ఒజ్జ ముఖంలోకి ఒకసారి చూసి, చెప్పబోయి, చుట్టూ ఉన్నవాళ్లను చూసి నోరు మూసుకున్నాడు. మాచన తానే పోయి తాడు తెచ్చాడు. చెండ్లు ఆరబెట్టే కొట్టులోకి తోసి బయట గొళ్లెం పెట్టారు.

అవతల ఆట మైదానం అప్పటికే పెళ్లిపందిరిని తలదన్నేలా ముస్తాబైంది. చంద్రవంక వైపు తోరణానికి మంచిముత్యాల జాలర్లు, కరాళదుర్గం వైపు తోరణానికి పులిగోళ్ల దండలు వేలాడుతున్నాయి. మధ్యలో పచ్చిక మీద గంధపునీళ్లు చల్లితే ఆ వాసనకు తుమ్మెదలు దారితప్పి ఏనుగుల చెవుల్లో దూరుతున్నాయి. పట్టుగొడుగుల కింద పండితులూ, పందిళ్ల కింద పామరులూ, ఎక్కడా చోటు దొరకనివాళ్లు చెట్లకొమ్మల మీదా సర్దుకున్నారు. అంత వైభోగం మధ్యలో కరాళరాజు భీకరవర్మ గుడారం వెనకాల ఇనుపచువ్వల బండ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అవి బందీల బండ్లు. ఓడినా గెలిచినా పందెం కళ్లెదుట ఉండాలని వాళ్ల పద్ధతి. ఆ చువ్వల వెనక ఏ నీడ సిద్ధనదో ఇంతదూరం నుంచి తెలియదు. రేచన పొద్దుటినుంచి అటు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాడు.

శిక్షణశాలలో చివరి వరస మొదలైంది. గుండయ పోగా మిగిలినవాళ్లు వలయం కట్టారు. ఎవరి ముఖంలోనూ నెత్తురుచుక్క లేదు. ఒకడు ఇంకొకడి నడుము ముట్టుకుంటూ, ఈ చేతులు ఎవరివో అన్నట్టు వెనక్కి తిరిగి చూస్తున్నాడు. నమ్మకం పెరగడానికి పెట్టిన ఆచారం ఆ పూట అనుమానం పెంచుకోవడానికి బాగా పనికొచ్చింది. మాచన ఒక్కడే తొణకలేదు. తన ముందున్నవాడికి పసుపుగుడ్డ చుట్టి, మడతలు సర్ది, కుడిపక్కకు చక్కటి ముడి వేశాడు. బొమ్మ గీసినట్టుంది ఆ ముడి.

రేచన చూసి మెచ్చుకోబోయాడు. నోటిదాకా వచ్చిన మాట అక్కడే చేపముల్లులా అడ్డం పడింది.

మాచన ఎడమచేతివాటం మనిషి. చిన్నప్పటినుంచి వాడు వేసే ముడి ఎడమపక్కకే పడుతుంది, వంకరగా. ఎన్ని తిట్లు తిట్టినా, ఎన్నిసార్లు విప్పించి కట్టించినా ఆ వంకర పోలేదు. ఈమధ్య మడమ బెణికిందని సాధనకు దిగడం మానేసినప్పటినుంచీ ముడి కుడికి తిరిగి తిన్నగా పడుతోంది. కూర్చున్నచోటే వాడికి బుద్ధి కుదిరిందని రేచన మురిసిపోయి, నేర్చుకోండిరా అని అందరికీ పిలిచి మరీ చూపించాడు. ఇంతకాలం కట్టు చూసి మనిషిని తూచినవాడు, కట్టు బాగుపడితే మనిషే మారిపోయాడేమోనని ఎలా అనుకుంటాడు?

కట్టు అయ్యాక రేచన అందరికీ పాలు ఇమ్మని చెప్పి నెమ్మదిగా వెనక్కి నడిచాడు. మాచన చెంబు పెదవులకు ఆనించుకున్నాడు. రేచన నేల మీదున్న చెండును సూటిగా వాడి వీపు మీదికి తన్నాడు, తన్నుతూనే వాడి పేరు పిలిచాడు.

ఆ శిక్షణశాలలో పెరిగినవాడికి చెండు వస్తుంటే కాలే లేస్తుంది. నిద్రలో ఉన్నా లేస్తుంది. చెయ్యి చాపడమంటే వాళ్లకు దేవుడి గదిలో చెప్పులతో నడవడమంత తప్పు. మాచన చటుక్కున తిరిగి, చెంబు వదిలేసి, చెండును రెండు చేతులా పట్టుకున్నాడు. పట్టుకుని మర్యాదగా, "జారిందా ఒజ్జయ్యా?" అన్నాడు.

చేతుల్లో ఉన్న చెండు వంకా, తనను చూస్తున్న ముఖాల వంకా చూసి వాడికి కూడా విషయం అర్థమైంది. వాడి నవ్వు ఒక పక్కనుంచి కరగడం మొదలైంది. ముక్కు జారింది, బుగ్గలు లోపలికి పోయాయి, నెత్తి మీద గోధుమరంగు జడలు పాముపిల్లల్లా లేచాయి. పింగళజటుడు. కరాళదుర్గపు మాంత్రికుడు. ఎవరి వేషమైనా ఒంటికి అంటించుకోగలడు, ఎవరి మాటతీరైనా ఆచారమైనా చూసిన మర్నాటికి నేర్చుకోగలడు. అందులో వాడిని మించినవాడు లేడు.

"మీ మాచన గనిలో నీ కొడుకు పక్కనే రాళ్లు కొడుతున్నాడు ముసలాయనా. వాడిదీ వంకర దెబ్బే," అని పింగళజటుడు చెండు మీద ఉఫ్ మని ఊదాడు. తోలు భగ్గుమంది. నిప్పుబంతి రేచన గుండెకు గురిపెట్టినట్టు దూసుకువచ్చింది. కామసాని తప్పుకోమని అరిచింది, ఆటగాళ్లు చెల్లాచెదరయ్యారు. సరిగ్గా అప్పుడే కొట్టు పైన గవాక్షం పెళ్లున విరిగింది.

గుండయ గాలిలోంచి దిగాడు. తెంచుకున్న తాడు ఒక చేతికి వేలాడుతూనే ఉంది. కుడికి పోతున్నట్టు ఒళ్లు వంచి, మడమతో ఆ నిప్పుబంతిని ఎడమకు లాగి, వచ్చిన దారినే తిరగ్గొట్టాడు. అది పోయి మాంత్రికుడి రొమ్మున తగిలింది. జడలు చిటపటలాడాయి. వాడు ఊళపెడుతూ రాబందుగా మారి పైకి లేచాడు. గుండయ పంచె అంటుకుంది. కామసాని పాలకుండ ఎత్తి వాడి మీద కుమ్మరించింది.

మంట ఆరేసరికి పంచె మడతలు కాలి రాలిపోయాయి. అందరూ చూశారు. గుండయ నడుము చుట్టూ ఇనుపగొలుసు ఉంది, విప్పడానికి వీల్లేకుండా కాల్చి అతికించింది. కరాళదుర్గం గనిబందీల గొలుసు అది. పైన రాబందు ఒక చుట్టు తిరిగి, ఆ గొలుసును కళ్లారా చూసి, కిచకిచ నవ్వి, భీకరవర్మ గుడారం వైపు ఎగిరిపోయింది.

గుండయ నేల మీద కూలబడ్డాడు. పారిపోయిన బందీని ఆడించిన రాజ్యం ఆడకుండానే ఓడినట్టు లెక్క. అందుకే నడుము దాచాడు, అందుకే నోరు దాచాడు. రేచన వాడి ముందు మోకాళ్ల మీద కూర్చుని గొలుసును చేత్తో తడిమాడు. గొలుసు కింద ఒరుసుకోకుండా ఒక గుడ్డ చుట్టి ఉంది. మాసి నల్లబడింది కాని ఒకప్పుడు పసుపురంగే. తమ శిక్షణశాల గుడ్డ.

"గనిలో కూడా పొద్దున్నే వరస కడతాం ఒజ్జయ్యా," అన్నాడు గుండయ. "ఒకరి గొలుసు కింద ఒకరం గుడ్డ చుట్టుకుంటాం. లేకపోతే తోలు ఊడిపోతుంది. ఇది సిద్ధనన్న తన నడికట్టు చింపి నాకు కట్టాడు. పీలికల చెండుతో ఆ తిప్పు నేర్పాడు. నన్ను దాటించిన రోజున చెప్పాడు, కట్టినవాడే విప్పాలి, అప్పటిదాకా ఇంకొకరి కట్టు పడనీయకు అని. మీ వరసలో నేనెలా నిలబడను?"

ఇంతకాలం రేచన ఆచారం లేనివాడని వెలివేసింది ఆచారం కోసమే శిక్షణశాలలో అందరి చేతా మాటలు పడ్డవాడిని. సిగ్గుతో ఆయన తల వంగిపోయింది. ఆ సిగ్గు వెనకాలే, కొడుకు బతికి ఉన్నాడన్న సంతోషం వచ్చి కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. గుండయ భుజం పట్టుకుని ఏడ్చాడు. పక్కన కామసాని, చెప్పానా లేదా అనడానికి ఇంతకంటే మంచి సమయం మళ్లీ దొరకదని తెలిసి కూడా ఆ మాట అనలేదు.

మైదానంలో శంఖం మోగింది. గుండయను వదిలేసి తొమ్మిదిమందితో దిగితే ఓటమి ఖాయం. తీసుకుపోతే, ఆ రాబందు ఈపాటికి అంతా చెప్పే ఉంటుంది. రేచన ముఖం తుడుచుకుని కొత్త పంచె తెప్పించి గొలుసు కనపడకుండా తానే చుట్టాడు. దాని పైన మాత్రం పసుపుగుడ్డ కట్టలేదు.

పదిమందీ పచ్చిక మీదికి అడుగుపెట్టగానే భీకరవర్మ సింహాసనం మీంచి లేచాడు. రాబందు ఆయన భుజం మీదే ఉంది. ఆయన గొంతు తియ్యగా ఉంది, అదే భయం వేసింది. ఆట చూడవచ్చిన ప్రజలకు ఒక చిన్న సందేహం తీర్చాలట, అదిగో ఆ చివరి కుర్రవాడి నడుము ఒకసారి విప్పి చూపిస్తే చాలునట. కరాళభటుల కత్తులు ఒరల్లోంచి సగం బయటికి వచ్చాయి. చంద్రవంక మహారాజు ఏం చెయ్యమంటావన్నట్టు రేచన వైపు చూశాడు.

రేచన గుండయకు ముందు నిలబడ్డాడు. "ప్రభూ, వీడి కట్టు నేను కట్టింది కాదు. కట్టినవాడే విప్పాలని మీ పెద్దలూ మా పెద్దలూ ప్రమాణం చేశారు. కట్టినవాడి పేరు సిద్ధన, నా కొడుకు. మీ బండిలో ఉన్నాడు. వాడిని మైదానం గీత దాటించి ఇక్కడికి తీసుకురండి. వాడు విప్పితే నేను అడ్డం రాను."

జనం ఒక్కసారిగా హోరెత్తారు. కామసాని పెదవి కొరుక్కుంది. సిద్ధన చచ్చినా విప్పడని ఆమెకు తెలుసు, రేచనకు తెలుసు. విప్పనన్న మరుక్షణం ఇక ఎవరూ ఆ నడుము ముట్టుకోవడానికి లేదు. ఒక్క మాటతో గుండయ ఆటలో నిలుస్తాడు, కొడుకు కళ్లెదుటికి వస్తాడు. కరాళరాజు ఒప్పుకోక తప్పదు కాని, ఒప్పుకునే ముందు కాస్త పెనుగులాడతాడని రేచన అనుకున్నాడు.

భీకరవర్మ పెనుగులాడలేదు. "అలాగే. తండ్రి ముచ్చట ఎందుకు కాదంటాం? తీసుకురండి," అన్నాడు నవ్వుతూ.

గుడారం వెనక బండి తలుపు కిర్రుమంది. ఇద్దరు భటుల నడుమ ఒక మనిషి ఎండలోకి వచ్చాడు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది, కాళ్లకు సంకెళ్లు లేవు. దూరం నుంచే రేచనను చూసి రెండు చేతులూ జోడించి, "నాన్నా," అన్నాడు. అదే గొంతు. ఎడమ కనుబొమ మీద చిన్నప్పుడు తోరణానికి కొట్టుకున్న మచ్చ కూడా అక్కడే ఉంది. గీత దాటి పచ్చిక మీదికి వచ్చి, గుండయ నడుము వైపు చూసి, విప్పడానికి చేతులు సిద్ధం చేసుకుంటూ నడుస్తున్నాడు.

రేచన ప్రాణమంతా కాళ్లలోకి వచ్చి, పరుగెత్తి పోయి వాడిని కౌగిలించుకోమంది. ఒక అడుగు వేశాడు కూడా. అంతలో ఆయన చూపు సింహాసనం మీదికి పోయింది. భీకరవర్మ భుజం మీద రాబందు లేదు. పక్కన గుండయ ఊపిరి బిగబట్టి, వస్తున్న మనిషి ముఖం వైపు కాకుండా పాదాల వైపే చూస్తున్నాడు.

రేచన వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. ఆటకని పచ్చిక మీద పెట్టిన చెండును కాలితో దగ్గరికి లాక్కుని, రెండు చేతులూ చాచి వస్తున్న కొడుకు కాళ్ల మీదికి బలమంతా పెట్టి తన్నాడు.